కొనుడా, కిరాయా

మా బాపు ఏ వస్తువునైనా తిట్టడం మొదలుపెట్టాడంటే దాన్ని కొనబోతున్నాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. వరంగల్ గ్రెయిన్ మార్కెట్లో మాది వడ్లు కొని మిల్లులకు అమ్మే దుకాణం. రైతు బస్తా దించగానే బాపు అందులో ఇనుప గొట్టం గుచ్చి, గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని, తాలు ఉందనో తడి ఉందనో నలుగురికీ వినపడేలా అనేవాడు. వడ్లు ఎంత బాగుంటే అంత గట్టిగా అనేవాడు. పొద్దుటి నుంచి అదే మాట విన్న రైతు మధ్యాహ్నానికి తన పంట నిజంగానే చెత్త అని నమ్మేవాడు. అది దగా అని నాకెప్పుడూ అనిపించలేదు. కాలేజీలో కంటే శ్రద్ధగా అక్కడే చదువుకున్నాను.

అందుకే డెబ్బైల్లో ఒకనాడు అన్నం తింటూ బాపు, "ఆ డ్రైవరు కారు వట్టి డొక్కుది, పెట్రోలు నీళ్లలెక్క తాగుతది" అన్నప్పుడు అమ్మ వడ్డించడం ఆపి ఆయన ముఖం చూసింది.

ఆ డొక్కుది ముదురు నీలం రంగు ఫారిన్ కారు. పొడుగాటి మూతి, లోపల తోలు సీట్లు, తలుపు వేస్తే చప్పుడు వచ్చేది కాదు. అలాంటి కారు మా ఊళ్లో అప్పట్లో ఇంకొకటి నేను చూడలేదు. దాని సొంతదారు హన్మకొండలో ఉండే ఒక డ్రైవరు. ఇరవై ఏళ్లు ఒక దొర దగ్గర పనిచేశాడు. దొర దగ్గర కారుకు ఉన్నంత డబ్బు జీతానికి ఉండేది కాదు. చివరికి ఊరు వదిలి పట్నం వెళ్లిపోతూ, ఇవ్వాల్సిన జీతం కింద ఆ కారే ఇచ్చేశాడు. డ్రైవరు దాన్ని పెళ్లిళ్లకు కిరాయికి తిప్పుకుంటూ పెళ్లాం పిల్లల్ని సాకుతున్నాడు. పెళ్లికొడుకు ఆ కారులో ఊరేగితే వాళ్ల ఇంటిపేరు నెల రోజులు బజారులో వినపడేది. అరవై స్పీడు దాటితేనే ఆ బండికి ఊపిరి ఆడుతుందని అతను నవ్వుతూ చెప్పేవాడు.

మా వ్యాపారం పెరిగింది, బాపు వెనక సీట్లో కూర్చుని మిల్లులకు వెళ్లాలనుకున్నాడు. ఇంట్లో నెల రోజులు ఒకటే చర్చ, కొనుడా, కిరాయికి తీసుకునుడా అని. అమ్మ కిరాయి వైపు. "కిరాయిదైతే వద్దన్ననాడు పోతది. కొన్నదాన్ని ఏడ పారేస్తం?" అనేది. నేను కొనాలనేవాణ్ణి. ఎందుకంటే కిరాయికి తీసుకుంటే కారుతో పాటు ఆ డ్రైవరూ వస్తాడు, కొంటే స్టీరింగు నాది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, బుద్ధి అంతకంటే చిన్నది. బాపు ఇద్దరి మాటా విని, పెళ్లిళ్లున్న రోజులు వదిలి, ముందు నెల కిరాయికి మాట్లాడాడు. ఆడిస్తూ ఆడిస్తూ అతనిచేత తక్కువకు అమ్మించవచ్చని ఆయన లెక్క.

డ్రైవరు అమ్మనన్నాడు. మర్యాదగానే అన్నాడు. అమ్మితే ఇక తను తోలడానికి ఏముంటుందని అడిగాడు. దాంతో బాపు మార్కెట్ పద్ధతి మొదలుపెట్టాడు. మిల్లు ముందు కారు దిగగానే నడుం పట్టుకుని, సీటు స్ప్రింగులు పోయాయని అనేవాడు. లోపల ముక్కిపోయిన వాసన వస్తోందని దస్తీ ముక్కుకు అడ్డం పెట్టుకునేవాడు. డ్రైవరు పక్కనే నిలబడి అద్దం తుడుచుకునేవాడు. ఆ మనిషి రైతు కాదు, మధ్యాహ్నానికి నమ్మేవాడు కాదు.

ఒక ఆదివారం నా స్నేహితులు నలుగురిని కారెక్కించుకుని కాజీపేట దిక్కు వెళ్లాం. రోడ్డు ఖాళీగా ఉన్నచోట ఆపమని, ఇక నేను నడుపుతాను దిగమన్నాను. అతను దిగలేదు.

"చిన్న సేటూ, నేర్చుకోవాల్నంటే ఏదన్న జీపు మీద నేర్చుకోండ్రి. ఇది నా బువ్వ" అన్నాడు.

కోపంగా అనలేదు, ఎగతాళిగా అనలేదు. కానీ వెనక సీట్లో ఒకడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు నా చెవిలో వారం రోజులు ఉంది. వారం తర్వాత చౌరస్తా దగ్గర చాయ్ హోటల్లో, పెళ్లిళ్లకు బ్యాండు వాయించే మేస్త్రీ నా పక్కన కూర్చున్నాడు. ఊళ్లో ఏ పెళ్లికి ఏ కారు కుదరాలో చెప్పేది అతనే. దొర ఎట్లా పోయాడో తెలుసా అని అడిగాను. దొర పట్నంలో తన మంచం మీద, కొడుకుల మధ్య పోయాడని నాకు తెలుసు. పట్నం తీసుకుపోతుంటే స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఆ కారు వెనక సీట్లోనే ప్రాణం విడిచాడని చెప్పాను. పీనుగను ఆ సీటు మీదే ఊరికి తెచ్చారని కూడా చెప్పాను. చాయ్ డబ్బులు నేనే ఇచ్చాను.

ఆ మాటకు నేను మళ్లీ నోరు విప్పాల్సిన పని పడలేదు. పీనుగ మోసిన బండిలో పెళ్లికొడుకును ఎవరు ఎక్కిస్తారు? రెండు నెలల్లో కుదిరిన బేరాలన్నీ పోయాయి. ఒకనాడు కంచాల ముందు కూర్చున్నప్పుడు బాపు నన్ను అడిగాడు, ఈ దొర కథ నీదేనా అని. తలూపాను. ఆయన అమ్మ వైపు తిరిగి నా అన్నంలో ఇంకో చెంచా నెయ్యి వేయమన్నాడు. అమ్మ వేయలేదు. నెయ్యి గిన్నె నా ముందుకు నెట్టి వంటింట్లోకి వెళ్లింది. నేనే వేసుకున్నాను.

ఆ వారమే బాపు నెల కిరాయి కూడా ఆపేశాడు. పీనుగ బండిలో మేం మాత్రం ఎట్లా తిరుగుతామని డ్రైవరును నిలబెట్టి అడిగాడు. అతను దొర సంగతి అబద్ధమని, కావాలంటే పట్నం పోయి కనుక్కోమని బతిమాలాడు. బాపు అంతా ఓపికగా విని, జనం నమ్మేది నువ్వు నేను ఆపగలమా అన్నాడు.

ఇంకో రెండు నెలలకు, టైర్లు అరిగిపోయి, ఇంట్లో పొయ్యి వెలిగే దారి లేక, డ్రైవరు మా దుకాణానికి వచ్చాడు. బాపు లోపలి గదిలో ఉండి కూడా బయటికి రాలేదు, నన్ను పంపాడు. మార్కెట్లో పెద్ద బేరాలు తువ్వాల కింద జరిగేవి. ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పి, నోటితో ఏమీ అనకుండా, పట్టుకున్న వేళ్లను బట్టి ధర చెప్పుకోవాలి. ముఖంలో ఏదీ కనపడనివ్వకూడదు. అతను నా ఐదు వేళ్లూ పట్టుకున్నాడు. నేను రెండు వెనక్కి లాక్కున్నాను. అతను నాలుగు పట్టుకున్నాడు. నేను చేయి మొత్తం తీసేయబోయాను. అతను గబుక్కున మూడు పట్టుకున్నాడు. అతని అరచెయ్యి గట్టిగా ఉంది, తడిగా ఉంది. నేను ఇంకో వేలు లాక్కున్నాను. హమాలీలు బస్తాల మీద కూర్చుని మా ముఖాలు చూస్తున్నారు. చివరికి అతని చేతిలో నా రెండు వేళ్లు మిగిలాయి. అతను వాటిని చాలాసేపు వదల్లేదు, తర్వాత తువ్వాల తీసేశాడు.

అప్పుడు నోటితో ఒకటే అడిగాడు. "నన్ను డ్రైవరుగనన్న ఉంచుకుంటరా, చిన్న సేటూ?"

నేను నడుపుకుంటానని చెప్పాను. ఆ రోడ్డు మీద నవ్విన నవ్వుకు అక్కడ బదులు తీర్చుకున్నాను. అంత తియ్యగా నాకు జీవితంలో ఇంకేదీ లేదు, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజం అదే. అతను తాళం ఇచ్చి, చలికాలం పొద్దున్నే ఎలా స్టార్ట్ చేయాలో, క్లచ్ ఎంత మెల్లగా వదలాలో చెప్తూ పోయాడు. నేను వినలేదు.

మరుసటి ఏడు నా పెళ్లి కుదిరింది. పిల్లది నెక్కొండ, మామ కూడా ధాన్యం వ్యాపారే. లగ్నం కంటే ముందు ఆయన పెట్టిన షరతు ఒకటే, ఆ నీలం కారు తన వాకిట్లోకి రాకూడదని. నేను ఆయన్ను పక్కకు పిలిచి నిజం చెప్పాను. దొర కారులో చావలేదు, ఆ కథ నేనే పుట్టించాను అన్నాను. నా బతుకులో అంత నిజం అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఆయన నా భుజం మీద చెయ్యేసి నవ్వాడు.

"కొనేటోడు సరుకును తిడుతడు, ఉంచుకున్నోడు మెచ్చుకుంటడు. నేను గూడ అదే బజార్ల పుట్టిన, అల్లుడా" అన్నాడు.

వడ్లకు పెట్టిన పేరు మిల్లులో పొట్టుతో పాటు పోతుంది. కారుకు పెట్టిన పేరు ఏ మిల్లులో పోతుంది? పుట్టి పెరిగిన వ్యాపారంలో ఇంత చిన్న సంగతి నాకూ తట్టలేదు, మా బాపుకూ తట్టలేదు. నా పెళ్లికి జీపులో వెళ్లాం. బాపు ఆ తర్వాత కారులో నాలుగుసార్లు ఎక్కాడేమో. మిల్లుల దగ్గర కారు ఆగితే మేనేజర్లు దూరంగా నిలబడి మాట్లాడేవారు. అమ్ముదామంటే కొనేవాడు లేడు. గోదాములో ఒక మూలకు తోసేశాం, దాని పక్కన బస్తాలు పేర్చాం, ఎలుకలు తోలు సీట్లు కొరికాయి. అమ్మ ఆ వైపు వెళ్లినప్పుడల్లా నన్ను చూసేది కానీ ఏడ పారేస్తావని ఎన్నడూ అడగలేదు.

ఎనభైల మొదట్లో డ్రైవరు మళ్లీ వచ్చాడు. జుట్టు సగం నెరిసింది. అన్నాళ్లూ ఎవరివో లారీలు తోలాడట. కారు కిరాయికి ఇమ్మని అడిగాడు. దేనికంటే, పెద్ద దవాఖానలో చనిపోయిన వాళ్లను ఊళ్లకు చేర్చడానికి అన్నాడు. బస్సుల్లో ఎక్కించుకోరు, జీపుల వాళ్లు నోటికొచ్చినంత అడుగుతారు, ఈ బండికి ఎలాగూ ఆ పేరు ఉంది కదా అన్నాడు. ఆ చివరి మాట అంటూ నా ముఖంలోకి చూశాడు. బాపు ఆలోచించాడు. అమ్మితే డబ్బు ఒకసారి వస్తుంది, కిరాయికిస్తే నెలనెలా వస్తుంది, బండి మనదే ఉంటుంది. రిపేర్లు మాత్రం అతనివే అని షరతు పెట్టాడు. ఒకప్పుడు అతనిదే అయిన కారును మా దగ్గర కిరాయికి తీసుకుని, వెనక సీటు పీకేసి, అతను పీనుగలు మోయడం మొదలుపెట్టాడు. ప్రతి నెలా ఒకటో తారీఖున కిరాయి తెచ్చి ఇచ్చేవాడు, ఒక్క రోజు ఆలస్యం చేయలేదు. లేనివాళ్ల దగ్గర అతను ఏమీ తీసుకోడని బజారులో అనుకునేవారు. అది వినపడినప్పుడల్లా బాపు కిరాయి పెంచుదామా అనేవాడు.

రెండుమూడేళ్లకు బాపు గుండెజబ్బుతో పట్నం దవాఖానలో పోయాడు. ఆయన్ను ఇంటికి తేవడానికి ఎవరిని అడిగినా రామన్నారు. దుకాణానికి ఫోన్ చేసి డ్రైవరుకు కబురు పంపాను. అతను మధ్యాహ్నానికల్లా వచ్చాడు, బాపును ఎత్తి పడుకోబెట్టాడు. వెనక సీటు మీద కూర్చోవడం కోసం ఆ కారు కొన్న మనిషి, సీటే లేని చోట రేకు మీద పడుకుని వచ్చాడు. నేను ముందు కూర్చున్నాను. అరవై దాటనివ్వకుండా చాలా మెల్లగా నడిపాడు.

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఇంజన్‌లో నీళ్లు పోయడానికి ఆపాడు. నేను దిగి రోడ్డు పక్కన నిలబడ్డాను. నా అబద్ధంలో దొర చచ్చిపోయిన చోటు అది. అతను డబ్బాతో నీళ్లు పోస్తూ, నా వైపు చూడకుండానే మాట్లాడాడు.

"ఆ మాట మీ నోట్లకెల్లే వచ్చిందని బ్యాండు మేస్త్రీ నాకు ఆ నెలల్నే చెప్పిండు" అన్నాడు.

మరి ఎందుకు అడగలేదన్నాను. అడిగితే ఏం చేసేవాళ్లని అతను అడిగాడు. నాకు ఏడుపొచ్చింది, అది బాపు కోసమో నాకోసమో తెలియలేదు. కారు ఇక నీదే, కాగితాలు రాసిస్తాను, పైసా వద్దు అన్నాను. ఆ క్షణంలో మనసారా అన్నాను.

అతను మూత బిగించి, చేతులు తుడుచుకున్నాడు. "వద్దు సేటూ. దొర ఇస్తే మీరు గుంజుకున్నరు. మీరిస్తే ఇంకెవలో గుంజుకుంటరు. కిరాయిదైతే ఎవ్వలు గుంజుకోరు" అన్నాడు.

ఇల్లు చేరాక నలుగురం కలిసి బాపును దించాం. అతను ఒక పక్క పట్టి, లోపలి దాకా వచ్చి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్లాడు. ఎంత ఇమ్మంటావని వెనకే వెళ్లాను. అతను తల అడ్డంగా ఊపి, చొక్కా జేబులోంచి నోట్లు తీశాడు. ఆ రోజు ఒకటో తారీఖని నాకు గుర్తే లేదు. ఆ నెల కిరాయి నా చేతిలో పెట్టాడు. లోపల అమ్మ ఏడుపు వినపడుతోంది. నేను తీసుకున్నాను.