గంగులు దొంగిలించిన రంగు

రాజాంలో గంగులు గానుగ తెలియని ముక్కు లేదు. ఎద్దు తిరుగుతుంటే వీధంతా నువ్వుల వాసనే. ఎవరి నువ్వులు వాళ్లు తెచ్చి ఆడించుకుని నూనె పట్టుకెళ్తారు. మిగిలిన తెలకపిండి గంగులు కూలి. నలభై ఏళ్లలో ఎవరి నూనెలోనూ చుక్క తేడా రాలేదు. పాపం, వాడికున్న ఆస్తి ఆ మంచి పేరొక్కటే.

అరవై ఎనిమిదిలో హెడ్ గుమాస్తాగా రిటైరైన నారాయణమూర్తిగారు మా వీధిలో ఇల్లు కొన్నారు. ఆయనకు తెలియని విషయం లేదు, ఎవరినీ అడిగి తెలుసుకున్నదీ లేదు. నువ్వుల పొట్టంతా మురికేనని ఆయన తేల్చేశారు. భార్య సుభద్రమ్మగారి చేత కుంచెడు ఎర్రనువ్వులు నానబెట్టించి, గోనెపట్టా మీద రుద్దించి, పొట్టంతా ఊడగొట్టించి, ఎండబెట్టించి తెచ్చారు. గంగులు వద్దని మొత్తుకున్నాడు.

"రంగూ రుసీ ఆ పొట్టులోనే ఉన్నాది బాబూ. అది తీసేత్తే నూనె సప్పగుంటాది."

గానుగవాడా నాకు చెప్పేదని ఆయన కసిరి, నువ్వులు పడేసి భోజనానికి వెళ్లిపోయారు. సాయంత్రానికి నూనె వచ్చింది, నీళ్లలా. వాసనా అంతంతమాత్రమే. అంతే, గంగులు అసలు నూనె దాచుకుని వేరుసెనగ నూనె పోశాడని ఆయన ప్రతి అరుగు మీదా చెప్పారు. చదువుకున్నాయన మాట కదా, ఊరు నమ్మేసింది. వారం తిరక్కుండా గానుగకు నువ్వులు రావడం ఆగిపోయింది. మా ఇంటి నుంచీ వెళ్లలేదు, సిగ్గు విడిచి చెబుతున్నాను.

గంగులు తిన్నగా ఆయన గుమ్మంలోకి వెళ్లాడు.

"పొట్టు తియ్యని నువ్వులియ్యండి బాబూ. నలుగురి ముందర ఆడతాను. రంగు రాకపోతే గానుగ పీకేత్తాను."

ఆదివారం వీధంతా చేరింది. అవే ఎర్రనువ్వులు, ఈసారి పొట్టుతో. నూనె విడవడానికి ఎప్పటిలాగే చిన్న బెల్లంముక్క వేసి గంగులు ఎద్దును తోలాడు. నూనె తేనెరంగులో ఊరింది. ఆ వాసనకు మా నోళ్లూ ఊరాయి. సుభద్రమ్మగారు వేలు ముంచి రుచి చూసి, పొట్టు తీయించింది మీరే కదా అని మెల్లగా అన్నారు. ఆయనకు అలాంటివి వినిపించవు. తనూ రుచి చూసి మా వైపు తిరిగారు.

"చూశారా? నేను దగ్గరుండి కాపలా కాస్తేగానీ అసలు నూనె రాలేదు!"

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. మర్నాటి నుంచి గానుగకు నువ్వులు మళ్లీ వచ్చాయి. ప్రతి కుంచంతోపాటు, కాపలా కూర్చోవడానికి ఒక కుర్చీ కూడా వచ్చింది. మొదటి కుర్చీ మా ఇంటిదే.