కాలువగట్టున పాతిన రాగిరేకు

ఆ వేసవిలో పూడిక తీయడానికి నీళ్లు ఆపి కాలువ కట్టేశారు. అప్పుడే తంతి తీగ మీద పిడుగు పడి, ధవళేశ్వరం ఆఫీసులో యంత్రం కాలిపోయింది. పిడుగును భూమిలోకి దింపే ఏర్పాటు ఎందుకు పనిచేయలేదో విచారించమని నన్నే పంపారు. దాని రాగిరేకును కాలువగట్టున పాతించింది కూడా నేనే.

తీగలు చూసే పనివాడు తవ్వి చూపించాడు. రేకుకు తీగను కలుపుతూ అతను వేసిన అతుకు గట్టిగానే ఉంది. రేకు చుట్టూ మట్టి మాత్రం ఎండి బీటలు వారింది.

"కాలువ కట్టేస్తే ఇక్కడ తడెక్కడుంటాదండి? తడి లేందే పిడుగు భూమిలోకి దిగదు కదండి. నూతి పక్కన పాతుదామంటే తమరు నవ్వారండి," అన్నాడు.

"నాకు పాఠాలు చెబుతున్నావా?" అన్నాను.

అతుకు ఊడిపోయిందని నివేదిక రాశాను. అతన్ని పనిలోంచి తీసేశారు. అతుకు ఊడలేదు. చోటు ఎంచడంలో తప్పు నాది.