నాయనకు చెప్పిన అబద్ధం

ఆ రోజు మార్ఫిన్ మాత్రలు జేబులో పెట్టుకునే, అవి దొరకలేదని నాయనకు చెప్పాను. నేను చేసిన తప్పు అది.

అంతకు ఏడాది ముందు సంగటి తింటూ నాయన ముద్ద పక్కన పెట్టేశాడు. నాలుక కింద పుండు. ఆకువక్కలో సున్నం ఎక్కువై పొక్కిందనుకున్నాం. బెంగళూరులో బయాప్సీ చేసి క్యాన్సర్ అన్నారు. రేడియేషన్ తర్వాత కొన్నాళ్ళు బాగున్నాడు. మా ఊరు రాయదుర్గంలో మళ్ళీ దూది ఏకడానికి కూర్చున్నాడు. ఇంతలో గడ్డ మెడకు పాకింది.

"ఇక నయం కాదు. నొప్పి తగ్గించగలం," అంటూ బెంగళూరు డాక్టరు, నాయన బయట ఉండగా, నా చేతికి మార్ఫిన్ ఇచ్చారు. "మత్తుమందుల చట్టం కింద లైసెన్సులు కావాలి. మీ ఊళ్ళో దొరకదు. అయిపోకముందే రండి."

మత్తుమందు అన్న మాటే నాకు వినిపించింది. నమాజు తప్పని మనిషి ఆఖరి గడియలో మత్తులో ఉండి, అల్లా ఒక్కడేనని సాక్ష్యం చెప్పే కలిమా పలకలేకపోతే? ఆ భయంతో దాచాను.

"యాడా ఇయ్యరంట నాయనా. చట్టం ఒప్పుకోదంట."

"ఆ చట్టం రాసినోళ్ళకు నాలిక కింద పుండు లేచిండదులే," అని నవ్వబోయి దవడ పట్టుకున్నాడు.

వారం పాటు అరిచాడు. అరిచే ఓపిక పోయాక గోడను గోళ్ళతో గీకేవాడు. దువా చేయమని, మసీదులో నమాజు చేయించే హజరత్‌ను పిలుచుకొచ్చాను.

"డాక్టరు ఏం మందిచ్చినాడప్పా?" అని ఆయన అడిగాడు. దాచిన సంగతి చెప్పక తప్పలేదు.

"తాగి ఎగిరేటోని మత్తూ ఇదీ ఒకటేనా? నొప్పికి తన పేరే మర్చిపోయినోడు కలిమా ఎట్ల పలుకుతాడు? ఇయ్యి ముందు!"

అప్పుడే మాత్ర వేశాను. మర్నాడు నాయన దిండుకు ఆనుకుని, తల వంచుతూ నమాజు చదివాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"చట్టం మార్చినారేమిరా?"

"మార్చినారు నాయనా."

"అల్లా వాళ్ళను సల్లంగా సూడల్ల."

కలిమా పలికే పోయాడు. ఆ గోడకు మాత్రం నేటికీ సున్నం వేయించలేకపోయాను.

నిజానికి ఆ రోజు చట్టమేమీ మారలేదు. మందు ఇప్పటికీ మా జిల్లాలో దొరకదు. దొంగవ్యాపారిని పట్టుకోండి, నొప్పితో ఉన్నవాడి మందు మాత్రం మా జిల్లా ఆసుపత్రిలో కూడా దొరకనివ్వండి అని, శుక్రవారం నమాజు తర్వాత హజరత్ పక్కన నిలబడి, సర్కారుకు పెట్టే అర్జీపై సంతకాలు అడుగుతున్నాను. "మత్తుకు సంతకాలేమప్పా?" అని ఎగతాళి చేసేవాళ్ళకు ఈ కథంతా చెబుతాను. మందు కోసం బెంగళూరు పోలేని రోగుల ఇంటి మనిషికి తోడుగా బస్సెక్కుతాను.

మీ ఇంట్లో ఎవరికైనా మార్ఫిన్ రాస్తే, మీ భయాన్ని డాక్టరుకు చెప్పండి. రోగికి తెలియకుండా మీరే తీర్పు చెప్పకండి.

ఆ మందును మా జిల్లాకు తెచ్చి, నాయన పెట్టిన దీవెన అందుకోవాల్సినవాళ్ళు ఇంకా రాలేదు.