పహిల్వాన్ మామను పడగొట్టిందెవరు?

పోయిన వారం భూపాలపల్లి నుంచి ఫోను వచ్చింది. పహిల్వాన్ మామ కూతురు మాట్లాడింది. "వదినా, బాపు పోయిండు. పొద్దుగాల చాయ తాగిండు, మంచిగున్నది బిడ్డా అన్నడు, గోడకు ఒరిగిండు. గంతే" అంది. నేను ఆమెను ఓదార్చాల్సింది పోయి, ఆమే నన్ను ఓదార్చింది. ఆమె భర్తకు అక్కడ బొగ్గుబాయిలో నౌకరి. చివరి రోజుల్లో మామ వాళ్ల దగ్గరే ఉన్నాడు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. పేపర్లో పడేంత మనిషి కాదు. కానీ ఒకప్పుడు జనగామ నుంచి మానుకోట దాకా నలుగురు కూడిన చోటల్లా ఒకటే ముచ్చట. ఈయనను పడగొట్టేవాడు ఎవడున్నాడు అని. ఆ ముచ్చట పెట్టినవాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇప్పుడు ఆయనా పోయాడు. జవాబు చెప్పేదాన్ని నేనే మిగిలాను కాబట్టి చెబుతున్నాను.

నాకు సొంత మేనమామ కాదు, వరసకు మామ. రఘునాథపల్లి దగ్గర మా ఊళ్లో వాళ్ల గోడా మా గోడా ఒకటే. తలుపు దగ్గర వంగి, పక్కకు తిరిగి ఇంట్లోకి వచ్చేవాడు. అంత మనిషి చిన్నపిల్లల్ని ఎత్తుకోవాలంటే మాత్రం చటుక్కున చేతుల్లోకి తీసుకునేవాడు కాదు. ముందు తన అరచెయ్యి చాపి వాళ్ల ముందు పెట్టేవాడు. పిల్ల తన చెయ్యి అందులో వేస్తేనే ఎత్తుకునేవాడు. వెయ్యకపోతే "సరే, నీ ఇష్టం" అని పక్కకు జరిగేవాడు. మా పిల్లలిద్దరూ ఆ అరచేతిలో చెయ్యి వేసినవాళ్లే.

నన్ను జనగామలో ఇచ్చారు. ముసలితనంలో మామ కూడా అక్కడికే వచ్చి, మా వాడకట్టులోనే చిన్న గది కిరాయికి తీసుకున్నాడు. మా ఇంటి ఎదురుగా చాయ హోటల్. అందులో టీవీ పెట్టిన తర్వాత కుర్రాళ్లకు హెవీవెయిట్ బాక్సర్ల పిచ్చి పట్టింది. ఇప్పుడున్న ఛాంపియన్‌ను ఫలానావాడు చిత్తు చేస్తాడని ఒకడంటే, వాడి మొహం, వాడికి దమ్మేదీ అని ఇంకొకడు. మా చిన్నోడైతే అన్నం చల్లారిపోతున్నా రాకుండా వాదించేవాడు. చూడని దేశంలో చూడని మనుషుల కోసం ఇక్కడ వీళ్లు కొట్టుకు చచ్చేవాళ్లు. మామ బెంచీ చివర కూర్చొని, చాయ సాసర్లో పోసుకొని ఊదుకుంటూ అంతా వినేవాడు. చివరికి ఒక్కటే అడిగేవాడు.

"ముందుగాల చెయ్యి కలుపుతరారా గీళ్లు?"

"చెయ్యి కాదు తాతా, గ్లవ్సు. గ్లవ్సు తాకిచ్చుకుంటరు."

"ఏదో ఒకటి. కలుపుతరు గద. అయితె మంచిదే."

ఆ తర్వాత ఎవడు గెలిచినా ఆయనకు పట్టేది కాదు. కుర్రాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లను ఏమనగలం, ఆ ప్రశ్న వెనక ఏముందో వాళ్లకేం తెలుసు?

నా చిన్నతనంలో, అంటే దొరల మీద జనం సంగం కట్టిన రోజుల్లో, మా ఊరి దొర మామను సాకేవాడు. పాలు, నెయ్యి, బాదంపప్పు అన్నీ దొర ఉండే గడి నుంచే వచ్చేవి. జాతరలో మామ గెలిస్తే దొర మీసం తిప్పేవాడు. మామ పడగా చూసినవాడు లేడు. అలాంటి మనిషి ఊళ్లో ఉంటే మిగతావాళ్లకు ఎవడు పడగొడతాడో చెప్పుకోవడమే పని. కొడవళ్లకు కక్కు కొట్టించుకోవడానికి పొద్దున్నే కమ్మరి కొలిమి దగ్గర చేరితే ఇదే పంచాయితీ.

"గూడూరు అడివిల టేకు దుంగలు గుంజేటోడు ఒకడున్నడు. వాడు రావాలె, పహిల్వాన్ పని ఖతం" అనేవాడు కమ్మరి.

"నర్సింహులపేట కుమ్మరాయన మెడ సూశినవా? మెడనా గది, రోలు!" అని ఇంకొకాయన.

విచిత్రం ఏమిటంటే మామ కూడా అక్కడే కూర్చొని వాదంలో దిగేవాడు. అదీ ఎదుటివాళ్ల తరఫున. "నిజమేనే. గూడూరోనికి నా నడుం దొరికిందంటె నేను లేవ. నా ఎడమ మోకాలు సుత జర కచ్చా" అని తన లోపాలన్నీ తనే బయటపెట్టేవాడు. తన ఓటమికి తనే వకీలు.

ఒకరోజు మా అమ్మ కొడవలి తీసుకోవడానికి వెళ్లి, ఈ గోల విని విసుక్కుంది. మా అమ్మ నోటికి ఊరు జడిసేది. "గంత దూరమెందుకు? నేనే పడగొడ్త" అంది. అందరూ గొల్లున నవ్వారు. మామ కూడా నవ్వి, "ఎట్ల చెల్లె?" అని అడిగాడు.

"నీకు చెయ్యే ఇయ్య. ఇయ్యకుంటె పట్టు పడ్తవా?"

మామ నవ్వు ఆపేశాడు. "పట్టనే. కుస్తీ నేర్పిన మా వస్తాదు ఒట్టేయించుకున్నడు. చెయ్యి కలుపకముందు పట్టు పట్టినోడు పహిల్వాన్ కాదు, దొంగ అన్నడు."

"మరి నువ్వు ఓడినట్టే గద!"

"ఓడినట్టు ఎట్లయితది? వీపు మట్టికి ఆనాలె గదనే!"

"గెలిచినట్టు సుత కాదు గద అన్నా!"

ఆ మాటకు కమ్మరి కొలిమితిత్తి వదిలేసి మరీ నవ్వాడు.

ఆ నవ్వులు ఎక్కువకాలం నిలవలేదు. మా వాడకట్టు వాళ్ల పొలం ఒకటి దొర ఏనాడో గుంజుకున్నాడు. సంగం వచ్చాక మా బాపు, ఇంకొందరు కలిసి అందులో దిగి నాటు వేశారు. పంట పండేనాటికి బాపును పట్టుకోవడానికి పోలీసులు తిరుగుతుంటే ఆయన అడవిలోకి పోయాడు. కోతకు ఆడవాళ్లు, ముసలివాళ్లే మిగిలారు. ఆ గింజలు ఇంటికి రాకపోతే ఆ ఏడు మా పొయ్యిలో పిల్లి లేవదు. దొరకూ ఆ సంగతి తెలుసు. మామను పిలిచి, "పో, ఒక్కొక్కల్ని ఎత్తి గెట్టు అవతల పారెయ్" అన్నాడు.

మామ వచ్చాడు. ఆ ఉప్పు తిన్న మనిషి, రాకుండా ఎలా ఉంటాడు? గెట్టు దిగి వస్తుంటే వరి మధ్యలో దారి పడింది. మా అమ్మ కొడవలి కింద పడేసింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. ఆమెను చూసి పక్కావిడ, ఆమెను చూసి ముసలాయన, అందరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను.

మామ మా అమ్మ ముందు నిలబడి చెయ్యి చాపాడు. "చెయ్యియ్యి చెల్లె."

"ఇయ్య."

పక్కావిడ దగ్గరికి పోయాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ముసలాయన మొహం తిప్పుకున్నాడు. వరస పొడుగునా అలాగే చెయ్యి చాపుకుంటూ పోయాడు. చివరికి, "ఎవలన్న ఒక్కలు ఇయ్యున్రి" అన్నాడు. ఆ గొంతు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. గడిలో తిన్న అన్నం ఒకవైపు, వస్తాదుకు వేసిన ఒట్టు ఒకవైపు గుంజుతుంటే మనిషి నలిగిపోయాడు. కావాలంటే మమ్మల్ని వరి పనలు ఎత్తినట్టు ఎత్తి అవతల పడేయగలడు. పడేయలేదు. చాపిన చెయ్యి అలాగే దించుకొని వెళ్లిపోయాడు. పంట మా ఇళ్లకు చేరింది.

అసలు అన్యాయం ఆ తర్వాత జరిగింది. దొర సేద్యం చూసే శేరిదారు దూరంగా గెట్టు మీద నిలబడి ఇదంతా చూశాడు. మామ ఒక్కొక్కరి దగ్గరికీ పోయి చెయ్యి చాపడమే ఆయనకు కనిపించింది. ఉరుకులు పరుగుల మీద పోయి, "దొరా, పహిల్వాన్ సంగపోళ్లతోని చేతులు కలిపిండు!" అని చెప్పాడు. చూడండి, ఒక్క చెయ్యి కూడా కలవలేదు. ఒక్కటి కలిసినా మా బతుకు ఇంకోలా ఉండేది. కానీ మన భాషలో ఆ మాటకు రెండు అర్థాలు ఉండడం ఆ మనిషి పాలిట శాపమైంది. దొర మామను గడి గడప తొక్కవద్దన్నాడు. ఇటు ఊరివాళ్లేమో, దొర పంపితే మన మీదికి వచ్చినోడే కదా అని ముఖం చాటేశారు. మా అమ్మ కూడా అంతే. మామ రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. పెళ్లాన్ని వెంటబెట్టుకొని మానుకోటకు పోయి, రైలు స్టేషన్లో బస్తాలు మోసి బతికాడు.

జనగామలో ఉన్నప్పుడు ఒకసారి నేను అడిగాను. "మామా, నీకు కోపం రాలేదా మా మీద?" మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, "కోపమెందుకు కోడలా? బలం అందరికి ఉంటది, ఆగుడే కష్టం. మీ అమ్మ నన్ను ఆపింది" అన్నాడు. మళ్లీ గ్లాసు అందుకొని, "గని చెయ్యి చాపి ఉత్తగ దించుకునుడు ఉన్నది సూడు, గది మాత్రం పగోనికి సుత వద్దు" అన్నాడు. ఆయనకు మనసులో మిగిలిన బాధ అదొక్కటే. దొర తరిమాడనీ, బస్తాలు మోశాననీ ఏనాడూ అనలేదు.

ఆ చెయ్యి సంగతి తేలింది ఆ కోత జరిగిన కొన్నేళ్లకు. దొర పట్నం వెళ్లిపోయాడు. అడవిలో పోలీసులకు దొరికిన బాపు జైలు నుంచి వచ్చాడు. ఊళ్లో ఆగిపోయిన జాతర మళ్లీ చేశారు, గోదా తవ్వారు. కుస్తీలు మొదలయ్యాక చూస్తే మానుకోట నుంచి మామ వచ్చి ఉన్నాడు. బస్తాలు మోసి మెడ దగ్గర కాయ కాసింది. లంగోటి కట్టుకొని, మట్టి కళ్లకద్దుకొని గోదాలో దిగాడు. జోడీ కోసం చెయ్యి చాపి చుట్టూ తిరిగాడు. డప్పు మోగుతోంది. ఒక్కడూ లేవలేదు. కొందరికి భయం, కొందరికి పాత కోపం. కమ్మరి తల వంచుకొని మట్టి గీకుతున్నాడు. మామ మళ్లీ తిరిగాడు.

నా పక్కన మా అమ్మ కూర్చున్న చోట కూర్చోలేకపోయింది. బాపును మోచేత్తో పొడిచింది. "పో. పోయి చెయ్యియ్యి."

"నాకేం కుస్తీ వస్తదే? జైల్ల కాలు ఇరిగె నాది."

"కుస్తీ పట్టుమని ఎవలన్నరు? ఆడోళ్లను గోదాలకు రానిస్తె నేనే పోతుంటి. ఆనాడు నేను ఇయ్యకపోతి. ఇయ్యాల నా చెయ్యి అనుకొని ఇయ్యి."

బాపు అంగీ విప్పి నాకిచ్చాడు. పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయి. కుంటుకుంటూ గోదాలోకి పోతుంటే జనం నవ్వారు. ఆయన మామ ముందు నిలబడి చెయ్యి చాపాడు.

మామ ఆ చేతిని పట్టుకున్నాడు. జోడీ కుదిరింది కదా అని డప్పాయన దరువు పెంచాడు. మామ పట్టు పట్టలేదు. రెండో చెయ్యి కూడా బాపు చేతి మీద వేసి, మోకాళ్ల మీద అలాగే మట్టిలో కూర్చుండిపోయాడు. బాపు కూడా ఆయన ఎదురుగా కూలబడ్డాడు.

"పహిల్వాన్ పడ్డడు!" అని ఎవరో అరిచారు.

"మోకాలు ఆనితె పడ్డట్టా? వీపు ఆనాలె!" అని కమ్మరి లేచాడు. అంతే, జనం రెండుగా చీలి వాదించుకోవడం మొదలుపెట్టారు. మా అమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెక్కివెక్కి ఏడుస్తోంది.

ఎవరైనా పడితే డప్పు ఆపాలి. డప్పాయనకు ఏం చెయ్యాలో తోచలేదు. "ఆపాల్నా, కొట్టాల్నా? ఎవలన్న చెప్పున్రి!" అని అరిచాడు. జనం ఇంకా వాదనలోనే ఉన్నారు. గోదా మధ్యలో వాళ్లిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా కూర్చొని ఉన్నారు. డప్పాయన కొడుతూనే ఉన్నాడు.