పక్కన ఇంకో పీట

మేడమ్ పోయారన్న కబురు, నా తరువాత ఆవిడ దగ్గర పని నేర్చుకున్న అతను ఫోన్ చేసి చెబితే తెలిసింది. "తెల్లారుజామున పోయారండి. వాళ్ళమ్మాయి ఇప్పుడే నాకు ఫోన్ చేసిందండి" అన్నాడు. ఏం చెప్పమంటారు, నాకు ముందు తగిలింది మేడమ్ పోవడం కాదు, వాళ్ళమ్మాయి ముందుగా అతనికి ఫోన్ చేయడం. నేనుండేది ఆవిడ ఊళ్ళోనే, హైదరాబాదు మణికొండలో, అతనుండేది పుణెలో. ఏడుపు ఆ తరువాత వచ్చింది. వచ్చాక చాలాసేపు ఆగలేదు.

హైటెక్ సిటీలో మొదటి భవనం లేచి, చుట్టూ ఇంకా బండరాళ్ళే కనబడుతున్న రోజుల్లో మా చిన్న కంపెనీలో నెట్‌వర్క్ విభాగానికి ఆవిడే పెద్ద. అనంతపురం నుంచి వచ్చి చేరిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రౌటర్ అంటే ఏమిటో మొదటి నుంచి నేర్పారు. మూసాపేటలో పుట్టి పెరిగిన మనిషి. రౌటర్ మొరాయిస్తే దాని నెత్తిన చెయ్యి పెట్టి, "ఏందే, గిట్ల అలిగినవ్?" అని అడిగిగానీ కీబోర్డు ముట్టేవారు కాదు. మధ్యాహ్నం డబ్బా విప్పితే, ఉన్న జొన్నరొట్టెల్లో మెత్తటిది నా డబ్బా మూతలో పడేది. నేను అడిగింది లేదు. ఆ రొట్టె నాదని ఆఫీసంతటికీ తెలుసు.

తరువాత భీమవరం నుంచి అతను వచ్చాడు. మాటకు ముందొక అండి, వెనకొక అండి. వారం తిరక్కుండానే నా మూతలో పడే రొట్టె సగమైంది. "ఆ పిలగాడు హాస్టల్ తిండి తినలేకపోతున్నడు, పాపం" అన్నారు మేడమ్. నేను తినేది కూడా హాస్టల్ తిండే. నాకు కడుపు మండింది, అది ఆకలి మంట కాదు.

మా ఆఫీసు రౌటరూ, బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో మేం పెట్టిన రౌటరూ ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతిలో ఒకదానికొకటి దారులు చెప్పుకునేవి. మధ్యలో ఎవరూ దూరి దొంగదారులు చెప్పకుండా రెండింటికీ ఒక రహస్యపు మాట ఇచ్చి, దానికొక నంబరు పెట్టేవాళ్ళం. ఆ మాటా, నంబరూ రెండు వైపులా ఒకటే అయితేనే అవి పలకరించుకుంటాయి. అప్పుడప్పుడూ ఆ మాట మార్చాలి. మార్చే రోజు మేడమ్‌తో ఫ్యాక్టరీకి వెళ్ళేది ఎప్పుడూ నేనే. ఆసారి ఆవిడ స్కూటర్ వెనక అతను కూర్చున్నాడు.

"నువ్వీడ ఉండు బిడ్డా. ఈడ గూడ నమ్మకమైనోళ్ళు ఉండాలె గద" అన్నారు.

నమ్మకమైనవాడు ఆఫీసులో, ముద్దులవాడు స్కూటర్ మీద. నేను పళ్ళు నూరుకుంటూ మా వైపు కొత్త మాటను రెండో నంబరుగా చేర్చి, ఫ్యాక్టరీకి ఫోన్ చేసి మీరూ కానివ్వండి అన్నాను. కాసేపటికి ఫ్యాక్టరీ మా తెర మీద నుంచి మాయమైంది. అక్కడ బిల్లింగు ఆగి, సరుకు లారీలు గేటు దగ్గర నిలబడిపోయాయి.

"పరేషాన్ గాకు. లైన్ ఉన్నదా?" ఫోన్లో మేడమ్.

"ఉంది మేడమ్. పింగ్ కొడితే జవాబు వస్తోంది. పలకరింపే తీసుకోవడం లేదు."

"డీబగ్ పెట్టి, లోపల ఏం నడుస్తున్నదో జూడు. మా దిక్కుకెళ్ళి ఏ నంబరుతోని వస్తున్నది?"

చూశాను. ఒకటో నంబరుతో, అంటే పాత మాట నంబరుతోనే వస్తోంది, కాని దాని మీద రహస్యపు మాట వేసే ముద్ర మా దానితో కలవడం లేదు. సంగతి అర్థమైంది. అతను కొత్త మాటను రెండో నంబరుగా చేర్చలేదు. పాత మాటను తీసేసి, దాని ఒకటో నంబరు కిందే కొత్తది పెట్టాడు. ఆ సంగతి చెబుతుంటే నా గొంతులో పండగ వినబడే ఉంటుంది.

"మార్చమన్నారు కదండీ, మార్చేశానండీ" అంటున్నాడు అతను వెనక నుంచి.

ఇక పడతాయి అక్షింతలు అనుకుని చెవి రిక్కించాను. ఇంతకంటే చిన్నవాటికే నాకు బాగా పడ్డాయి మరి. మేడమ్ నవ్వారు.

"పాతోళ్ళ పీట మీద కొత్తోళ్ళను కూసోబెట్టినవ్ బిడ్డా. గట్ల జెయ్యొద్దు. పక్కన ఇంకో పీట వెయ్యాలె."

అతను పాతదాన్ని మళ్ళీ ఒకటి కింద పెట్టి, కొత్తదాన్ని రెండో నంబరుగా చేర్చాడు. పలకరింపులు మొదలయ్యాయి, లారీలు కదిలాయి. ఆ తప్పుతో అతనికి ఒక ముద్దుమాట దక్కింది. నేను తప్పు చేయకుండా ఆఫీసులో కూర్చున్నందుకు ఏమీ దక్కలేదు.

రెండు వైపులా కొత్త మాట కుదురుకున్నాక పాతదాన్ని తీసేయడం పద్ధతి. మర్నాడు మేడమ్ ఆ పని నాకే చెప్పారు.

"ఉండనీయండి మేడమ్. దానివల్ల ఏం నష్టం? ఇన్నాళ్ళు పనిచేసింది కదా" అన్నాను. ఎవరి తరఫున మాట్లాడుతున్నానో నాకు తెలుసు.

ఆవిడకూ తెలిసిపోయింది. కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "అది తాళంచెవి బిడ్డా, మనిషి గాదు. తియ్యి" అన్నారు. తీసేశాను. ఆ మధ్యాహ్నం డబ్బాలో ఒక రొట్టె ఎక్కువుంది. నాకొకటి, అతనికొకటి. మెత్తటిది అతనికే పడిందని నాకు ఇప్పటికీ అనుమానం.

నాకు అన్నం పెడుతున్న విద్య ఆవిడ పెట్టింది. ఆ రుణం తీరేది కాదు. కానీ ఆ విద్యను ఆవిడ అతనికి కూడా పెట్టారన్న బాధా ఇన్నేళ్ళలో తీరలేదు.

మొన్న దశదినకర్మకు మూసాపేట వెళ్ళాను. ముందుగా వెళ్ళి, మేడమ్ ఫొటోకు ఎదురుగా ఉన్న కుర్చీ పట్టుకున్నాను. అతను ఆలస్యంగా వచ్చాడు. సగం తల నెరిసింది, కళ్ళు వాచి ఉన్నాయి. గది నిండిపోవడంతో గుమ్మంలోనే నిలబడి నా వైపు చూశాడు. లేచి నా కుర్చీ ఇచ్చేంత మంచివాణ్ణి కాను. గోడవారన మడిచిపెట్టిన కుర్చీ ఒకటి తెచ్చి, విప్పి నా పక్కన వేశాను. వచ్చి కూర్చున్నాడు.

ఫొటోలో మేడమ్ కళ్ళజోడు పైనుంచి నన్నే చూస్తున్నారు. అతన్ని అడిగితే తననే అంటాడని అడగలేదు.