కుండలో కంప్యూటరు నీళ్ళు

మా వదిన పోయింది. పొద్దున బడికి తయారై, చెప్పులేసుకుందామని మంచం మీద కూర్చుని అలాగే పక్కకు ఒరిగిపోయిందట. ఆమెతో పనిచేసే టీచరమ్మ ఫోన్ చేసినప్పుడు నేను చిక్కుడుకాయలు తుంచుతున్నాను. విన్నాక కూడా కాసేపు తుంచుతూనే ఉన్నాను.

వదినంటే మా ఆయనకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. గుంటూరులో ఒక మిషన్ హైస్కూల్లో సైన్సు చెప్పేది. చాలా ఏళ్ళు మేమూ ఆమె ఒకే ఇంట్లో ఉన్నాం. సమాధి దగ్గర పాస్టరుగారు ఆమె క్రమశిక్షణ గురించి, సండేస్కూలు గురించి మంచి మాటలు చెప్పారు. అన్నీ నిజమే. నాకు మాత్రం ఆమె పేరు తలుచుకోగానే ఒక కుండ అడ్డం వస్తుంది. ఆ కుండ సంగతి చెప్పకుండా ఆమె గురించి రాయడం నా వల్ల కాదు.

ఏ వస్తువునూ విప్పకుండా వదిలే మనిషి కాదు వదిన. మా పెళ్ళికి వచ్చిన గోడ గడియారం నేను కాపురానికి వెళ్ళిన వారంలోనే ఆమె ఒళ్ళో ముక్కలై కనిపించింది. నాకు ఏడుపొచ్చింది. తిరిగి బిగించాక అది మునుపటికంటే బాగా నడిచిందని ఒప్పుకోక తప్పదు. "అడిగితే కొంత తెలుస్తుందమ్మాయ్, విప్పితే ఇంకొంచెం తెలుస్తుంది" అనేది. చర్చిలో మైకు సెట్టు కూడా ఆమె చేతిమీదుగానే బతికింది.

ఇళ్ళలోకి కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో ఆమె కూడా ఒకటి కొంది. పదో తరగతి పిల్లలకు గుండెలో రక్తం ఎలా తిరుగుతుందో కదిలే బొమ్మగా చేసి చూపించాలని ఆమె కోరిక. ఎన్ని రంగుల సుద్దముక్కలు అరగదీసినా బోర్డు మీద రక్తం కదలదు కదా అనేది. పుస్తకం ముందు పెట్టుకుని ఆ బొమ్మల ప్రోగ్రాం తనంతట తనే నేర్చుకుంది. అయితే ఒక్కో బొమ్మా గీయడానికి కంప్యూటరు గంటల తరబడి ఆగకుండా పనిచెయ్యాలి. మే నెలలో మా గుంటూరులో అది జరిగే పనేనా? పదకొండు కాకముందే వేడెక్కి దానంతటదే ఆగిపోయేది. డబ్బా పక్క రేకు తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టింది. లోపలికి గాలితోపాటు మిరపకాయల ఘాటు కూడా వెళ్ళింది తప్ప వేడి తగ్గలేదు.

ఇతర దేశాల్లో కంప్యూటర్లను నీళ్ళతో చల్లబరుస్తున్నారని ఏదో పత్రికలో చదివింది. కరెంటు వస్తువులో నీళ్ళేమిటి వదినా అన్నాను. కారు ఇంజను చుట్టూ తిరిగేది పాలా అని నన్నే అడిగింది. ఇక ఆమెను ఆపేవాళ్ళు లేరు. లేతు మిషనతని దగ్గర అగ్గిపెట్టెంత రాగి దిమ్మలో నీళ్ళు పారే గాళ్ళు తీయించి, మూత బిగించింది. వేడెక్కే చిప్పు మీద కూర్చునేది అదే. నీళ్ళు తోడటానికి చేపల తొట్లో పెట్టే చిన్న పంపు తెచ్చింది. గొట్టాలకు తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే తెల్ల ట్యూబు. నీళ్ళు చల్లారడానికి తుక్కులో కొన్న కారు రేడియేటరు. అన్నీ కలిపి ముందు కింద కాగితాలు పరిచి, కంప్యూటరుకు తగిలించకుండానే ఒక రోజంతా నీళ్ళు తిప్పి చూసింది. ఒక్క చుక్క కారినా కాగితం చెబుతుందని. అంత జాగ్రత్త గల మనిషి.

కానీ గదిలో గాలే సెగలు కక్కుతుంటే ఆ గాలితో నీళ్ళెలా చల్లారతాయి? రేడియేటరు ఓడిపోయింది. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి మా మంచినీళ్ళ కుండ వైపు చాలాసేపు చూసింది. సాయంత్రానికల్లా కొత్త కుండ వచ్చింది. వసారాలో, ఆమె గది కిటికీ కింద, ఇసుక పోసిన పళ్ళెంలో దాన్ని పెట్టి చుట్టూ తడి గోనె చుట్టింది. పంపు కుండలో, ట్యూబులు కిటికీ ఊచల్లోంచి లోపలికి. మర్నాడు మధ్యాహ్నం మూడైనా కంప్యూటరు ఆగలేదు. నన్ను పిలిచి ట్యూబు పట్టుకోమంది. చల్లగా ఉంది. "చూశావా, జ్వరం దిగింది" అంది. ఆమె అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

మా బోరు నీళ్ళ ఉప్పుకు రాగి దిమ్మ గాళ్ళు తెల్లగా పూడుకుపోయాయి. బ్యాటరీల్లో పోసే నీళ్ళు తెచ్చి పోస్తే, ఎండ తగిలి ట్యూబుల్లో పాచి పట్టింది. దానికి మందుగా మోటారు షాపులో కార్లకు పోసే కూలెంటు డబ్బా కొనుక్కొచ్చి కుండలో పోసింది. అది విషమని ఆమెకు తెలుసు. ఆ కుండ ముట్టుకోవద్దని నాకూ మా ఆయనకూ ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే కాబట్టి అంతటితో సరిపోయిందనుకుంది.

మన ఇళ్ళలో వసారాలో తడిగుడ్డ చుట్టిన కుండ ఉంటే అదేమిటని ఎవరూ అడగరు. ఎండన పడి వచ్చినవాళ్ళు మూత తీసి ముంచుకు తాగుతారు. చెప్పి తాగాలని కూడా ఉండదు. చుక్క నీరు కారుతుందేమోనని కాగితాలు పరిచి చూసుకున్న వదినకు ఇది తట్టలేదు. నాకు తట్టిందా? లేదు.

మా అత్తయ్య పర్చూరు దగ్గర పల్లెలో ఉండేది. జీవితమంతా మిరపకోతలకీ పత్తి తీతలకీ కూలికి వెళ్ళి పిల్లలిద్దరినీ చదివించింది. ఆ ఏడు కోతలు అయిపోగానే చెప్పాపెట్టకుండా మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. వదిన తెర ముందు కూర్చుని ఉంది. కుండ మూత చప్పుడైందట, నేననుకుందట. నేను లోపలికి వచ్చేసరికి అత్తయ్య వదిన గది గుమ్మంలో నిలబడి కొంగుతో మూతి తుడుచుకుంటోంది.

"ఎక్కడ పట్టుకొచ్చారే ఈ నీళ్ళు? ఉప్పన లేవు, తియ్యగున్నాయి. రెండు గ్లాసులు తాగా, ప్రాణం లేచొచ్చింది."

వదిన లేచిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. అరవలేదు, ఏడవలేదు. ఏ గ్లాసుతో, నిండా తాగావా అని అడిగింది. కిటికీలో ఉన్న స్టీలు గ్లాసు చూపించింది అత్తయ్య. అప్పుడే భోజనానికి వచ్చిన మా ఆయనకు సంగతంతా చెప్పి ఆటో పిలవమంది. అత్తయ్య శుభ్రంగా మాట్లాడుతోంది, నవ్వుతోంది. పత్తి చేలో మందు కొట్టేటప్పుడు ఇంతకంటే ఎక్కువే మింగుంటాను, నాకేమవుద్ది అంటోంది. మా ఆయన తటపటాయించాడు. మజ్జిగ తాగించి పడుకోబెట్టి చూద్దామన్నాడు.

"విషం కేసంటే పోలీసులొస్తారక్కా. ఏం చెబుతాం?"

"రానీరా. పోసింది నేనేనని చెబుతాను. ముందు ఆటో పిలువు."

ఆసుపత్రిలో డాక్టరు ముందు కూలెంటు డబ్బా పెట్టి, తనే పోశానని, తల్లి తాగిందని, దాచకుండా చెప్పింది. పైకి ఏమీ కనిపించదు, రేపటికి కిడ్నీలు పోతాయి అన్నాడాయన. దీనికి అసలు మందు ఇక్కడ దొరకదు, ఈ విషాన్ని ఒంట్లో పనిచెయ్యనీకుండా ఆపడానికి ఉన్నదల్లా సారాయే, వెంటనే సీసా తెండి, ఎంత పట్టించాలో నేను చూసుకుంటాను అన్నాడు. మొదట మాకు అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకున్నాం. మా అత్తయ్య చర్చిలో ద్రాక్షరసం తప్ప ఎరగదు. సారా కొట్లు మూయించాలని ఊళ్ళో ఆడవాళ్ళతో కలిసి వీధులు తిరిగిన మనిషి వదిన. మా ఆయన ఎక్కడో కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. వదిన ఆగలేదు. రోడ్డు దాటి వైన్ షాపుకు నడిచింది, వెనక నేను.

మిట్టమధ్యాహ్నం అక్కడున్న మగవాళ్ళంతా తిరిగి చూశారు. ఎవడో ఇకిలించాడు. వదిన ఊచల దాకా వెళ్ళి, క్లాసులో మాట్లాడే గొంతుతోనే అడిగింది.

"బాగా ఘాటైంది ఇవ్వండి. తాగేది మా అమ్మ."

ఇకిలించినవాడే పక్కకు తప్పుకున్నాడు. సీసాను పమిట కింద దాచుకోకుండా చేత్తో పట్టుకునే రోడ్డు దాటింది. నాకు సిగ్గేసింది, గర్వంగానూ ఉంది. ఏది ముందో చెప్పలేను.

ముక్కులోంచి వేసిన గొట్టం ద్వారా ఆ మందు పట్టిస్తుంటే అత్తయ్య మత్తులో స్తుతి కీర్తనలు తప్పుగా పాడింది, నర్సును తిట్టింది, చచ్చిపోయిన మా మావయ్యను అన్నానికి రమ్మని పిలిచింది. ఇంకొకరి ఇంట్లో అయితే నవ్వుకునేవాళ్ళం. వదిన మంచం కాళ్ళ దగ్గర నిలబడింది, కూర్చోమంటే కూర్చోలేదు. అమ్మను చంపబోయావు కదే అని మా ఆయన అందరి ముందూ అన్నాడు. అవునంది, అంతే. ఆ మాటకు నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

దేవుడి దయ, అత్తయ్య బతికింది. కిడ్నీలు నిలబడ్డాయి. పోలీసాయన వచ్చి రాసుకుని వెళ్ళిపోయాడు. ఇంటికి వచ్చిన రోజే వదిన ట్యూబులన్నీ పీకేసింది. గుండె బొమ్మలో రక్తం ఊపిరితిత్తుల దాకా వెళ్ళి ఆగిపోయింది. ఎంత చెప్పినా మళ్ళీ ముట్టుకోలేదు. అంతకంటే కష్టమనిపించింది ఇంకొకటి. వంటింట్లోకి రావడం మానేసింది. తల్లికి అన్నం పెట్టదు, మాత్ర అందించదు, నీళ్ళు ఇవ్వదు. అన్నీ నాతో ఇప్పించి గుమ్మం అవతల నిలబడేది. అత్తయ్య అన్నీ చూస్తూనే ఉంది. వీళ్ళిద్దరూ ఇలాగే విడిపోతారేమోనని నాకు దిగులు పట్టుకుంది.

అత్తయ్య ఊరికి బయలుదేరిన రోజు, సంచి కట్టుకుని వసారాలో అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగింది. నేను లేచాను.

"నువ్వు కూచోమ్మా. దాన్ని తెమ్మను."

లోపల గ్లాసు కడుగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. వదిన గ్లాసుతో, చెంబుతో వచ్చింది. ముందు తను ఒక గుక్క తాగబోయింది. అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎంగిలి చెయ్యమాక. ఇటివ్వు."

తీసుకుని, ఎత్తిన గ్లాసు దించకుండా గటగటా తాగేసింది. ఖాళీ గ్లాసు మళ్ళీ చాపింది. వదిన చెంబు వంచింది. సగం నీళ్ళు గ్లాసులో, సగం అత్తయ్య పాదాల మీద పడుతున్నాయి. అత్తయ్య పాదాలు వెనక్కి తీసుకోలేదు.