పంక్చర్ షాపులో ఈత పాఠాలు

మనుషులు ఎదురుపడితే ‘అన్నం తిన్నారా’ అని అడుగుతారు. మా జబ్బార్ బాబాయి మాత్రం ‘ఈత వచ్చా’ అని అడుగుతాడు. ఆయన మాకు చుట్టం కాదు, మా వీధి మొదట్లో ఉన్న పంక్చర్ షాపాయన. మాచర్లలో ఆయన ఈ మాట అడగని మనిషి ఎవరైనా ఉంటే, ఆ మనిషి బండికి ఇంకా పంక్చర్ పడలేదని అర్థం.

రాదు అన్నవాడి పని అయిపోయినట్టే. వాడి ట్యూబు చేత్తో పట్టుకుని, సాగర్ కాలువ పక్కన కాపురం పెట్టి ఈత రాకపోవటం ఏందని అరగంట నిలదీస్తాడు. ఆ బాధ పడలేక కొందరు ‘వచ్చు వచ్చు’ అనేస్తారు. అప్పుడు ఇంకో తిప్పలు. “అయితే ఆదివారం ఆరోగ్యస్వామి తోటలో నీళ్ళతొట్టి కాడికి రా, పిల్లలకి నేర్పుదువు” అంటాడు.

మా పక్కింటి గంగమ్మక్క చిన్నకూతురికి పెళ్ళిచూపులు జరిగిన రోజు మగపెళ్ళివారి కారు టైరు సరిగ్గా మా వీధిలోకి వచ్చాక గాలి దిగిపోయింది. పెళ్ళికొడుకే కిందికి దిగాడు. బాబాయి వాణ్ణి పైనుంచి కిందిదాకా చూశాడు.

“ఈత వచ్చా, బాబూ?”

“రాదండీ. సాఫ్ట్‌వేరండీ” అని కారణం కూడా చెప్పాడు పాపం.

టైరు బాగుచేసి పంపాడు కదా, అక్కడితో ఊరుకోవచ్చు. చేతులు తుడుచుకుంటూ వాళ్ళ వెనకాలే వచ్చి, అందరూ కాఫీలు తాగుతుండగా గుమ్మంలో నిలబడ్డాడు. “గంగమ్మక్కా, పిల్లోడు బంగారం. కాకపోతే మునుగుతాడు.”

సంబంధం కుదిరింది కానీ గంగమ్మక్క నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ అల్లుడు ఇప్పటికీ కాలువ వంతెన మీద కారుని మనిషి నడకంత నెమ్మదిగానే పోనిస్తాడు.

పంక్చర్ షాపులో ట్యూబు ముంచి చూసే నీళ్ళ తొట్టి ఉంటుంది కదా. బడి వదలగానే పిల్లలు ఆ తొట్టి దగ్గర వరస కట్టేవాళ్ళు. మొహం నీళ్ళలో పెట్టి బుడగలు వదలాలి. బాబాయి పక్కన స్టూలు మీద కూర్చుని లెక్కపెట్టేవాడు. “ట్యూబుకి బుడగలొస్తే దానికి జబ్బు. మనిషికి బుడగలొస్తే వాడికి భయం పోతాందని గుర్తు” అనేవాడు.

తల్లులు ఊరుకుంటారా? “ఏంది జబ్బారూ, పిల్లోణ్ణి సైలెన్సర్ లెక్కన చేసి పంపావు!” అని గంగమ్మక్క తన పెద్దకూతురి కొడుకుని చెవి పట్టుకుని తెచ్చి చూపించింది.

“మసి సబ్బుతో పోద్ది, అక్కా. నీళ్ళ భయం సబ్బుతో పోదు.”

చివరికి బడిలో పాఠాలు చెప్పే గ్రేస్ టీచర్ వచ్చి, ఆ మురికినీళ్ళలో మొహం పెడితే పిల్లలకు కళ్ళ జబ్బులొస్తాయని కేకలేసింది. మర్నాటికల్లా తొట్టి పక్కన పసుపురంగు ప్లాస్టిక్ టబ్బు వెలిసింది. అందులో రోజూ మార్చే మంచినీళ్ళు. టీచర్ చూసి మెచ్చుకుని వెనక్కి తిరిగింది.

“టీచరమ్మా, మీకు ఈత వచ్చా?”

“వచ్చు” అంది. ఆమెకు నిజంగానే వచ్చు. అలా దొరికిపోయింది.

ఇన్ని ఇళ్ళలో అడిగిన మనిషి మా ఇంటి ముందు మాత్రం ఎప్పుడూ నోరు విప్పలేదు. మా పెద్దవాడు వంశీ రెండేళ్ళ కిందట ఎండాకాలంలో స్నేహితులతో కాలువకు వెళ్ళాడు. పదమూడేళ్ళవాడు. తిరిగి రాలేదు. అప్పటినుంచి మా నిరోషను నేను నీళ్ళ దరికి పోనివ్వలేదు. స్నానానికి కూడా సగం బకెట్టే. పదకొండేళ్ళ పిల్ల, నా మొహం చూసి ఎదురు చెప్పేది కాదు.

ఒకరోజు బడినుంచి వచ్చిన పిల్లకు ముందుజుట్టు తడిగా ఉంది. బయట చుక్క వాన లేదు. నేరుగా షాపుకు వెళ్ళాను.

“బాబాయ్, నా పిల్లని టబ్బులో ముంచావా?”

“నేను ముంచలేదమ్మా. అదే వచ్చి ముంచుకుంది. వద్దంటే వరస చివర నిలబడి ఏడ్చింది.”

“ఇది కాలువ మొహమే చూడదు. దీనికి ఈత ఎందుకు?”

ఆయన చేతిలో ట్యూబు కింద పెట్టాడు. “వంశీకి కూడా పోవద్దనే చెప్పావు కదమ్మా” అన్నాడు మెల్లగా.

నాకు కోపం రావాలి. రాలేదు.

“నీ మాట లేకుండా తోటకి తీసుకుపోను” అన్నాడు. “నువ్వు పక్కనే ఉండాలి. చేతికందే దూరం దాటావా, పిల్లని బయటికి తీస్తా. ఫోను చూశావా, నిన్నే బయటికి పంపుతా.”

మూడు రోజులు ఆలోచించాను. నాలుగోనాడు ఆదివారం. నిరోష చెయ్యి పట్టుకుని వెళ్ళాను.

మిరపచేను పక్కన బోరు నీళ్ళు పట్టే పెద్ద సిమెంటు తొట్టి. నీళ్ళు నిరోష నడుముదాకా వస్తాయి. గ్రేస్ టీచర్ లోపల నిలబడి ఒక్కొక్కరిచేత కాళ్ళు కొట్టిస్తోంది. ప్రతి బిడ్డకూ ఎదురుగా అమ్మో నాన్నో గట్టు మీద ఉన్నారు. బాబాయి ఎక్కడో పెత్తనం చేస్తుంటాడని వెతికాను. ఆయన నీళ్ళలో ఉన్నాడు. నడుముకు రెండు లారీ ట్యూబులు, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చుట్టూ పిల్లలు “తాతా, కాళ్ళు కొట్టు! తాతా, తల ఎత్తకు!” అని గోల.

గట్టు మీద ఆయన భార్య జైనాబ్ పిన్ని పక్కన కూర్చున్నాను. “పిన్నీ, బాబాయికి ఈత రాదా?”

“యాడొచ్చు?” అంది. “మీ పిల్లోడు పోయిన రోజు కేకలు విని లారీ ట్యూబు పట్టుకుని కాలువ దాకా ఉరికాడు. దిగుదామంటే ఈత రాదు. విసురుదామంటే తాడు లేదు. ఆ మర్నాటినుంచే ఈ పిచ్చి. కనపడ్డోళ్ళనల్లా అడగటమే. మీ గుమ్మం ముందు మాత్రం తల దించుకుని పోతాడు.”

కాలువ మెట్ల దగ్గర రెండేళ్ళుగా తాళ్ళతో వేలాడుతున్న ట్యూబులు ఎవరు కట్టారో నాకు అప్పుడు తెలిసింది. నిరోష వీపు మీద చెయ్యి వేసి, “దిగు” అన్నాను.

దిగింది. తర్వాత నీళ్ళు తోసుకుంటూ ఆయన దగ్గరికి పోయి గడ్డం కింద చెయ్యి పెట్టింది. “కళ్ళు తెరువు తాతా. నేను పట్టుకున్నా.”

ఆయన కళ్ళు తెరిచి దాన్ని చూశాడు, గట్టు మీద నన్ను చూశాడు. ఆ సంబరంలో ట్యూబుల్లోంచి జారి మునిగాడు. అంతా కలిసి లేవదీశారు.

“ఎవరే వదిలేసింది?” అన్నాడు నీళ్ళు ఉమ్ముతూ.

“ఎవరూ వదల్లా. మునిగేముందు ట్యూబుల్లేకుండానే తేలావు తాతా. మూడు లెక్కపెట్టా.”

“జైనాబ్! మూడు!” అని తోటంతా వినపడేలా అరిచాడు.

నెల గడిచింది. నిరోష ఆ చివరనుంచి ఈ చివరకు ఈదుతోంది. బాబాయి ఐదు లెక్క దగ్గర ఆగిపోయాడు. పోయిన వారం పిన్ని తన పాత పంజాబీ డ్రెస్సు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

“నువ్వు కూడా దిగవే, మహేశ్వరీ. పిల్లలంతా దాటిపోతన్నారని మీ బాబాయి ఇంట్లో అన్నం సరిగా తినట్లా. పక్కన తేలనోళ్ళు ఇంకొకరుంటే ఆయనకి కాస్త ధైర్యం.”

ఆయనకు ధైర్యం ఇద్దామనే దిగాను. ఈ ఆదివారం నేను ఏడు లెక్కపెట్టేదాకా తేలాను. అప్పటినుంచి బాబాయి నాతో మాట్లాడటం లేదు.